మాద్రీనందనులకు దొరికిన ఒడి

కాలధర్మమున తలిదండ్రులు గతించుట లోకమున సహజము. ఏండ్లు నిండిన తండ్రి కన్నుమూసినపుడు కుమారుడు దుఃఖించును, కర్మ జరుపును, పదిమందితో ఆయన గుణములను చెప్పుకొని క్రమముగా ఊరట చెందును. కాని తల్లియో తండ్రియో తమంతట తాము ప్రాణములు విడిచిన ఇంటిలోనికి దుఃఖముతోపాటు మరియొకటి ప్రవేశించును. అది మౌనము. పెద్దలు గొంతు తగ్గించి మాటలాడుకొందురు. బిడ్డ వచ్చిన వెంటనే మాట మార్చుదురు. గోడమీది పటము పెట్టెలోనికి పోవును. ఆ పేరు ఇంట మరల వినబడదు. ఆరేండ్ల పసివానికి ఈ మౌనము అర్థము కాదు. అర్థము కానిదానికి వాడు తానే ఒక అర్థము కల్పించుకొనును. ఆ అర్థము తరచుగా, "నావలననే ఇట్లు జరిగినది" అనునదే.

ఇట్టి బిడ్డలు తెలుగునాట తక్కువమంది కారు. 1997-98లో వరంగల్లు జిల్లాలో పత్తిపంట తెగుళ్ళపాలై, అప్పుల భారమునకు తాళలేక పెక్కుమంది రైతులు బలవన్మరణము చెందిరి. అనంతపురము వంటి కరవు సీమలలోను ఇట్టి దుఃఖములు కలిగినవి. పంట నష్టమే కాదు, తీరని వ్యాధి, వ్యాపారములో దెబ్బ, ఇంటిలోని కలహము, బయటికి కనబడని మనోవ్యాధి, ఇట్లు కారణములు అనేకములు. తరచుగా ఒకటికి నాలుగు కలిసియుండును. ఆనాడు పసివారైనవారిలో నేడు తాము తలిదండ్రులైనవారు కలరు. కొండకు వచ్చి స్వామి యెదుట చేతులు జోడించి నిలుచునపుడు, ఎవరితోను చెప్పుకొనలేని ప్రశ్నలు వారి హృదయమున మెదలుచుండును. "మా నాయనకు సద్గతి కలదా? మా అమ్మ నన్ను వలదనుకొన్నదా? ఆ దోషము నాకును అంటినదా?"

ఈ ప్రశ్నలకు మహాభారతములో ఒక సమాధానము కలదు. అది ఒకచోట ఉపదేశరూపమున చెప్పబడలేదు. ఒక కుటుంబము నడచుకొన్న తీరులో కనబడుచున్నది.

శతశృంగమున జరిగినది

మృగరూపమున నున్న కిందమ మహర్షిని బాణముతో కొట్టి శాపగ్రస్తుడైన పాండురాజు, కుంతీమాద్రులతో శతశృంగ పర్వతమున తపోవృత్తిలో నుండెను. అచటనే అయిదుగురు బిడ్డలు కలిగిరి. కుంతికి ముగ్గురు, మాద్రికి కవలలు. ఒక వసంతకాలమున పాండురాజు శాపమును మరచి మాద్రిని చేరి, ఆ క్షణముననే ప్రాణములు కోల్పోయెను. మాద్రి రోదన విని కుంతి పరుగెత్తి వచ్చెను. ఆమె నోట వెలువడిన తొలిమాటలు ఊరడింపు కావు, నిష్ఠూరములు. తాను ఇంతకాలము జాగ్రత్తగా కాపాడుకొన్న రాజును నీవేల కాపాడలేకపోతివని ఆమె అడిగెను. తాను ఎంత వారించినను రాజు వినలేదని మాద్రి చెప్పుకొనెను.

పిమ్మట మాద్రి తాను భర్త చితిని ఎక్కుదునని నిశ్చయించుకొనెను. పెద్దభార్యయైన కుంతి వారించి, తానే వెళ్ళుదుననెను. మాద్రి వినలేదు. కుంతి బిడ్డలను తన బిడ్డలతో సమానముగ పెంచగల శక్తి తనకు లేదనియు, కుంతి మాత్రము తన బిడ్డలను సమముగ చూడగలదనియు చెప్పి, నకులసహదేవులను ఆమె చేతులలో పెట్టి అగ్నిప్రవేశము చేసెను. అయిదుగురిలో అతి చిన్నవారైన ఆ కవలలు ఒక్కదినముననే తండ్రిని, తల్లిని కోల్పోయిరి. తండ్రి శాపవశమున పోయెను. తల్లి తనంతట తాను పోయెను.

మాద్రి చేసినది అనుసరణీయమని చెప్పుటకు ఈ కథను తలచుకొనుట కాదు. సహగమనము 1829లోనే బెంగాలు రాజధానియందు చట్టముచే నిషేధింపబడినది. 1987 నాటి కేంద్రచట్టము దానిని కీర్తించుటను కూడ నేరముగా నిర్ణయించినది. ఇచట తలచుకొనవలసినది ఆమె వెనుక మిగిలిన ఇద్దరు పసివారిని. వారిని ఆ ఇల్లు ఎట్లు పెంచినది? ఆంధ్ర మహాభారతమున ఆదిపర్వమును నన్నయ, అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన, ఆశ్రమవాసపర్వమును తిక్కన తెనిగించిరి. మాద్రీసుతుల కథ ఈ ముగ్గురు కవుల భాగములందును వ్యాపించియున్నది. తల్లి మరణముతో మొదలైన ఆ కథ వారు పెద్దవారైన తరువాత కూడ ముగియలేదు.

ఆ ఇల్లు నడచుకొన్న తీరు

మొదటిది కర్మ. శతశృంగమునందలి మునులు కుంతిని, అయిదుగురు బిడ్డలను హస్తినాపురమునకు చేర్చిరి. ధృతరాష్ట్రుని ఆనతిపై విదురుడు, భీష్ముడు పాండురాజునకు, మాద్రికి రాజోచితముగ ఉత్తరక్రియలు జరిపించిరి. భర్తకు ఒక తీరున, భార్యకు ఒక తీరున జరుపలేదు. పాండవులతోపాటు పౌరులును పండ్రెండు దినములు నేలపై శయనించి దుఃఖించిరి. బిడ్డలు తమ దుఃఖమును రహస్యముగ దాచుకొనవలసిన అవసరము కలుగలేదు. ఊరంతయు వారితో కలిసి ఏడ్చినది.

రెండవది పేరు. ఆ వంశమున మాద్రి పేరు మరుగుపడలేదు. నకులసహదేవులు జీవితాంతము మాద్రీసుతులు, మాద్రేయులు అనియే పిలువబడిరి. ఏండ్లు గడచి పాండవులు అరణ్యమునకు వెడలుచున్నపుడు కుంతి దుఃఖములో మాద్రిని తలచుకొని, ధర్మము తెలిసినదానినిగా ఆమెను స్మరించెను. శతశృంగమున నిష్ఠూరమాడిన నోరే కాలక్రమమున గౌరవముతో ఆ పేరు పలికినది. ఇందొక సూక్ష్మము కలదు. వెడలిపోయినవారిపై కోపము కలుగుట పాపము కాదు. "నన్ను విడిచి ఎందుకు పోయినావు?" అని బిడ్డ హృదయము అడుగును. కుంతివంటి సాధ్వియే తొలుత కోపించినది. కోపము ఆమెలో ఘనీభవించి నిలువలేదు, అంతియే.

మూడవది ఒడి. సవతి బిడ్డ అను మాట కుంతి ఎరుగదు. వనవాసమునకు వెడలునపుడు ఆమె ద్రౌపదితో, అడవిలో సహదేవుని ప్రత్యేకముగ కనిపెట్టియుండుమని చెప్పెను. వెనుకకు రమ్మని సహదేవుని బ్రతిమాలెను. భారతయుద్ధము ముగిసి, ధృతరాష్ట్ర గాంధారులతో తాను అడవికి పోవునపుడును ధర్మరాజునకు ఆమె చెప్పిన అప్పగింతలలో సహదేవుని యెడ ఏమరుపాటు వలదనునది ఒకటి. అప్పటికి సహదేవుడు బాలుడు కాడు, మహాసంగ్రామము చేసివచ్చిన వీరుడు. అయినను ఆ తల్లి కన్నులకు ఆతడు నాటి పసివాడే. తరువాత పాండవులు ఆశ్రమమునకు వెళ్ళినపుడు సహదేవుడు అందరికంటె ముందు పరుగెత్తి కుంతి పాదములను పట్టుకొని బిగ్గరగా ఏడ్చెను. బాల్యములో తల్లిని అట్లు కోల్పోయినవాడు మరల ఒక తల్లిని విడువలేకపోవుటలో ఆశ్చర్యమేమున్నది? ఆ కన్నీటిని వ్యాసమహర్షి బలహీనతగా చిత్రింపలేదు.

నాలుగవది సమత్వము. యక్షప్రశ్నల కథ తెలియనివారు లేరు. నలుగురు తమ్ములు నిర్జీవులై పడియుండగా, ఒక్కని బ్రతికింతునని యక్షుడు చెప్పినపుడు ధర్మరాజు భీముని కోరలేదు, అర్జునుని కోరలేదు, నకులుని కోరెను. యక్షుడు ఆశ్చర్యపడి కారణమడుగగా, తన తండ్రికి కుంతి, మాద్రి అని ఇద్దరు భార్యలనియు, కుంతికి తాను మిగిలియుండగా మాద్రికిని ఒక కుమారుడు మిగులవలెననియు, తల్లులిద్దరును తనకు సమానులనియు ఆతడు బదులిచ్చెను. అంతటి ఆపత్సమయమున, ఎన్నడో అగ్నిలో కలిసిన తల్లికి ధర్మరాజు ఇంటిలో ఒక స్థానమును నిలిపియుంచెను. యమధర్మరాజే యక్షరూపమున చేసిన పరీక్షలో ఆ సమాధానము ఉత్తీర్ణమైనది. నలుగురును లేచిరి.

బిడ్డ మనస్సులోని మూడు ప్రశ్నలు

కుంతి వలె బిడ్డను చేరదీయదలచిన గృహస్థులు ఆ పసిమనస్సు పని చేయు తీరును కొంత తెలిసికొనవలెను. అయిదారేండ్లలోపు బిడ్డకు మరణము తిరిగిరానిదను సంగతి చక్కగ బోధపడదు. ఊరికి పోయినవారు వచ్చినట్లు వచ్చెదరని వాడు వీధి గుమ్మము చూచుచుండును. తన తలపునకు లోకమును మార్చు శక్తి కలదని ఆ వయస్సున నమ్మకము. కోపమున "నీవు నాకు వద్దు" అని తల్లితో అన్న మాట నిజమైనదని వాడు భయపడును. 1966లో ఆల్బర్ట్ కెయిన్, ఐరీన్ ఫాస్ట్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇట్టి మరణముచే తల్లినో తండ్రినో కోల్పోయిన బాలబాలికలను గూర్చి వ్రాసిన వ్యాసములో రెండు విషయములు ముఖ్యముగ పేర్కొనిరి. ఒకటి, బిడ్డలలోని అపరాధభావము. రెండవది, జరిగినదానిని పెద్దలు దాచుట, తారుమారు చేసి చెప్పుట. కన్నులార కొంత చూచిన బిడ్డకు కూడ "నీవు చూచినది అది కాదు" అని చెప్పినచో, వాడు తన కన్నులనే నమ్మలేని స్థితికి వచ్చును.

కావున "నావలననా?" అను మొదటి ప్రశ్నకు, బిడ్డ అడుగకపోయినను, సమాధానము చెప్పవలెను. "నీవు అన్న మాటవలన కాదు, చేసిన అల్లరివలన కాదు. అమ్మ మనస్సునకు పెద్ద జబ్బు చేసినది. ఆ జబ్బులో బాధ తప్ప మరేమియు కనబడదు. అందువలన ఆమె మరణించినది. దానిని నీవు తేలేదు, నీవు ఆపగలిగియుండెడివాడవును కావు." ఇంత చాలును. మరణము జరిగిన విధమును వర్ణించి చెప్పనక్కరలేదు. కాని అబద్ధము చెప్పరాదు. ఇంట దాచిన మాట బడిలో తోటిపిల్లల నోట నిందగా వినబడును. ముందు ఇంటివారి నోట ప్రేమతో విన్నవానికి ఆ నింద అంత లోతుగా నాటదు.

"నన్ను ప్రేమింపలేదా?" అనునది రెండవ ప్రశ్న. తీవ్రమైన మనోవేదనలోనున్నవారు తాము ఇంటికి భారమనియు, తాము లేకున్నచో తమవారు సుఖపడుదురనియు భ్రమపడుదురు. అది వ్యాధి పలికించిన మాట. మాద్రి సైతము తాను బిడ్డలను పెంచజాలనని తన్ను తాను తక్కువచేసికొనియే వెడలినది. ఆమెకు బిడ్డలపై ప్రేమ లేదని ఎవరనగలరు? వారిని ఎవరి చేతులలో పెట్టవలెనో చివరి వరకు ఆలోచించినది కదా! ప్రేమ ఉండియు వ్యాధి గెలిచిన ఘట్టములు కలవు.

మూడవ ప్రశ్న కొంత పెద్దయైన పిమ్మట కలుగును. "నాకును అట్టి అంతమే వ్రాసిపెట్టియున్నదా?" లేదు. ఇంటిలో ఇట్టి మరణము కలిగినవారు తమ మనస్సు విషయమున కొంత అధికముగ జాగ్రత్త వహింపవలెననుట నిజము. అది వంశమునకు విధించిన శిక్ష యనుట అసత్యము. తండ్రి పోయిన వయస్సు తనకు వచ్చిన సంవత్సరమున, తన బిడ్డకు నాటి తన వయస్సు వచ్చినపుడు, వివాహమున తల్లి కూర్చుండవలసిన పీట ఖాళీగా కనబడినపుడు, ఆరినదనుకొన్న దుఃఖము మరల రగులుకొనును. అట్టి సమయమున ఆంజనేయస్వామిని స్మరింపవలెను. లంకయంతయు వెదకి సీతమ్మ కానరాక, ఆ మహాబలుడు సైతము ప్రాణత్యాగమును తలపోసెను. బ్రతికియుండువాడే శుభములను చూడగలడని తనకు తాను చెప్పుకొని మరల వెదకెను. తరువాత అశోకవనము కనబడెను. సీతమ్మయు అదే నిస్పృహలో నున్నపుడు చెట్టుకొమ్మనుండి రామకథ ఆమె చెవిని పడెను. నిరాశ కలుగుట భక్తిలోపము కాదు. అది కలిగినపుడు ఒంటరిగ నుండక మరియొకరి మాట వినవలెననుట సుందరకాండ నేర్పు పాఠము. ఆ మాట కొఱకు నేడు ఒక మార్గము కలదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 అను సంఖ్యపై రాత్రింబవళ్ళు ఫోను చేయవచ్చును. వైద్యుని కలియుట శరణాగతికి విరుద్ధము కాదు.

శాస్త్రవచనముల తాత్పర్యము

ఇట్టి ఇండ్లలో అధికముగ బాధించునది శాస్త్రభయము. దేహత్యాగము చేసినవారికి ఉదకక్రియ లేదని మనుస్మృతి అయిదవ అధ్యాయమున చెప్పబడినది. యాజ్ఞవల్క్యస్మృతియు అట్లే చెప్పినది. ఈ వచనములను పరామర్శకు వచ్చినవారు బిడ్డ వినుచుండగా వల్లించుట కలదు. కాని శాస్త్రము అంతటితో ఆగలేదు. బుద్ధిపూర్వకముగ చేసినదానిని, ప్రమాదవశమున జరిగినదానిని వ్యాఖ్యాతలు వేరుచేసిరి. ప్రమాదమున మరణించినవారికి ఆశౌచము, ఉదకక్రియ జరుపవలెనను వచనము కలదు. బుద్ధిపూర్వకమైన దుర్మరణమునకు సైతము నారాయణబలి విధింపబడినది. ఆ పేరులోనే శాస్త్రముయొక్క హృదయము కలదు. ఎవరికి దారి లేదని లోకము అన్నదో వారికి నారాయణుడే దారి.

మనస్సు తీవ్రవ్యాధికి లోనైనపుడు బుద్ధియే బుద్ధిగా పనిచేయదని నేటి వైద్యము చెప్పుచున్నది. చట్టము కూడ ఆ దారినే నడచినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారని భావింపవలెనని నిర్దేశించినది. అట్టి యత్నమును నేరముగా నెంచిన పాత శిక్షాస్మృతిలోని 309వ విభాగము, 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో చోటు పొందలేదు. బుద్ధియే వ్యాధిగ్రస్తమైనవారి విషయమున బుద్ధిపూర్వకమను మాట ఎట్లు పొసగును? గృహస్థులు తమ ఆచార్యుని, పురోహితుని సంప్రదించి యథావిధిగ కర్మ జరిపింపవలెను. బిడ్డ మరీ చిన్నవాడైనచో వాని చేతినుండి దర్భను అందుకొని పెద్దలు నడపుదురు. బిడ్డను మాత్రము దూరముగ నుంచరాదు.

ప్రతి సంవత్సరము తిథినాడు గోత్రనామములు ఉచ్చరించి శ్రాద్ధము పెట్టుటలో ఒక మహోపకారము కలదు. ఇంట ఎవరును పలుకని పేరును ఆ దినమున నోరార పలుకవలసియుండును. శ్రీవైష్ణవ గృహములలో భగవంతునికి నివేదించిన అన్నమునే శ్రాద్ధమున వినియోగింతురు. స్వామి ఆరగించిన ప్రసాదమే తండ్రికిని చేరుచున్నదని తెలిసిన బిడ్డకు, తన తండ్రి స్వామి పంక్తినుండి లేపివేయబడలేదని కూడ తెలియును.

వరాహస్వామి ప్రతిజ్ఞ

తిరుమలకు వచ్చిన యాత్రికుడు శ్రీనివాసునికంటె ముందు స్వామిపుష్కరిణి చెంతనున్న వరాహస్వామిని సేవించుట సంప్రదాయము. శ్రీవైష్ణవులు సేవించు చరమశ్లోకములు మూడింటిలో వరాహచరమశ్లోకము ఒకటి. భూదేవికి స్వామి చేసిన ఆ ప్రతిజ్ఞ యొక్క సారాంశము ఇది: జీవుడు స్వస్థుడైయుండగా ఒకమారు తన్ను స్మరించినచో, అంత్యకాలమున వాడు తెలివిలేక పడియున్నను స్వామి వానిని మరువడు, తానే స్మరించి, తానే తీసికొనిపోవును. పెరియాళ్వారును శ్రీరంగనాథునికి ఇట్లే విన్నవించుకొనిరి. అప్పటికి తలచుకొనలేకపోవచ్చునని ఇప్పుడే చెప్పియుంచిరి.

దేహము భగవంతుని సొత్తు. దానిని త్రోసివేయు స్వాతంత్ర్యము జీవునికి లేదనునది సిద్ధాంతము. ఆ చర్య సమ్మతము కాదు. కాని ఒక జీవితమును దాని చివరి గడియతో తూచువాడు స్వామి కాడు. బిడ్డకు జోలపాడుచు గోవిందనామము చెప్పిన తల్లి, భుజముపై కుమారుని ఎక్కించుకొని మెట్లెక్కిన తండ్రి, స్వస్థులై యుండగా చేసిన స్మరణ ఆయన లెక్కలో చెరిగిపోదు. మనస్సు చీకటిపడిన ఆ గడియలో వారు ఆయనను మరచియుండవచ్చును. ఆయన మరచెనని చెప్పుటకు ప్రతిజ్ఞ ఒప్పుకొనదు.

సహదేవుని వాక్కు

ఇంద్రప్రస్థమున రాజసూయయాగము జరిగినపుడు, అగ్రపూజ ఎవరికి చేయవలెనను ప్రశ్న సభలో పుట్టినది. మహర్షులు, మహారాజులు కూర్చున్న ఆ సభలో లేచి, శ్రీకృష్ణుడే అందులకు అర్హుడని పలికినవాడు సహదేవుడని భాగవతము దశమస్కంధమున చెప్పుచున్నది. సజ్జనులు ఆ మాటను మెచ్చుకొనిరి. ధర్మరాజు స్వామి పాదములను కడిగి ఆ తీర్థమును శిరసున ధరించెను. ఆ వాక్కును ఎదిరించిన శిశుపాలుడు సైతము సహదేవుని బాలుడనెనే గాని, తల్లి మరణమును ఎత్తి నిందింపలేదు.

సర్వేశ్వరుని గుర్తించి చూపిన ఆ భాగ్యము, శతశృంగమున చితిప్రక్కన నిలిచి ఏడ్చిన పసివానికి దక్కినది. తల్లి అంతము ఆతని జీవితమునకు అర్థము కాలేదు. కర్మ జరిపినవారు, పేరు నిలిపినవారు, ఒడి పట్టినవారు ఉండుటచేత ఆతడు నిలిచెను. ఇరుగుపొరుగున అట్టి బిడ్డ ఉన్నచో, వానిని చూచి గొంతు తగ్గించుకొనక, దగ్గరకు పిలిచి, వాని తల్లి చేసిన మంచి పని ఒకటి పేరుపెట్టి చెప్పుటతో కుంతీదేవి ధర్మము ఆ వీధిలో మొదలగును.